టై బ్యాక్ ఆపరేషన్ అయిన కుక్కతో మోటర్‌హోమ్‌లో కొలరాడో వెళ్లవచ్చా?

వేపచెట్టు

అందరికీ నమస్కారం. మేము డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాము. మా లాబ్రడార్ భీముడికి పన్నెండేళ్లు. స్వరపేటిక పక్షవాతం అని తేలడంతో జూలై మధ్యలో ఎడమవైపు టై బ్యాక్ (గొంతులో ఒక పక్కను దారంతో లాగి తెరిచి ఉంచే) ఆపరేషన్ చేయించాము. కుట్లు విప్పేశారు, ఊపిరి గరగర తగ్గింది, రాత్రిళ్లు ప్రశాంతంగా నిద్రపోతున్నాడు. రాజమండ్రి నుంచి వచ్చిన మా అమ్మానాన్నలకు కొండలు చూపిస్తామని చాలాకాలం కిందటే మాట ఇచ్చి ఉండటంతో సెప్టెంబరు మొదటి వారంలో కొలరాడో కొండల్లోని ఎస్టెస్ పార్కు ఊరికి బయలుదేరాలని అనుకుంటున్నాము. మాది వ్యాను ముందుభాగం వెనక ఇల్లులా గది కట్టిన క్లాస్ సీ మోటర్‌హోమ్. కప్పు మీద ఒకటే ఏసీ, 30 ఆంపియర్ల కనెక్షన్, 4,000 వాట్ల జనరేటరు ఉన్నాయి. భీముణ్ణి కుక్కల బోర్డింగ్‌లో వదిలితే మిగతా కుక్కలతో కలిసి రోజంతా మొరిగి కుట్టు తెంచుకుంటాడేమోనని సర్జన్ గారే సందేహించారు, కాబట్టి వెళితే వాడితోనే వెళ్లాలి, లేదా అందరం మానుకోవాలి. ఇలాంటి కుక్కను మోటర్‌హోమ్‌లో తిప్పినవారు ఉంటే దయచేసి చెప్పండి.

మైలురాయి

నిరభ్యంతరంగా వెళ్లండి. మా కుక్కకు ఇదే ఆపరేషన్ అయిన తరువాత కూడా మేము ప్రయాణాలు మానలేదు. హోటలు గదులతో పోలిస్తే మోటర్‌హోమ్ ఇలాంటి కుక్కకు ఎంతో నయం, ఎందుకంటే పడుకునే చోటు, గిన్నె, వాసన, భోజనం వేళ ఏదీ మారదు, లిఫ్టు దగ్గర కొత్త కుక్క ఎదురై మొరిగే సందర్భమూ రాదు. 287వ నంబరు హైవే పట్టుకుని విచిటా ఫాల్స్ మీదుగా అమరిల్లో చేరి, మరునాడు రాటన్ దగ్గర 25వ నంబరు హైవే ఎక్కి కనుమ దాటితే సరిపోతుంది. ఒక్కటి మాత్రం మరువకండి. వెనక చిన్న కారు కట్టుకుని వెళ్లండి, లేదా అక్కడ ఒకటి అద్దెకు తీసుకోండి. అర్ధరాత్రి ఆసుపత్రికి పోవలసి వస్తే కరెంటు తీగ, నీటి గొట్టం, మురుగు గొట్టం విప్పి, జాకీలు ఎత్తి మోటర్‌హోమ్‌ను కదిలించేసరికి అరగంట పడుతుంది.

చెరువుగట్టు

పెద్దవారికి మాట ఇచ్చారని ముసలి కుక్కను పణంగా పెట్టడం నాకు సమంజసంగా తోచడం లేదు. సెప్టెంబరు మొదట్లో విచిటా ఫాల్స్ పరిసరాల్లో మధ్యాహ్నం ఎండ మన రామగుండం ఎండకు ఏమీ తీసిపోదు. దారిలో టైరు పేలినా, ఇంజను మొరాయించినా, సహాయం అందేదాకా ఆ రేకుల పెట్టెలో భీముడి గతి ఏమిటో ఆలోచించండి. మీ అమ్మానాన్నలను విమానంలో డెన్వర్ పంపించి మీలో ఒకరు వెంట వెళ్లండి, రెండోవారు ఇంట్లో ఉండండి.

తిరుపతి పాత విద్యార్థిని

నేను తిరుపతి పశువైద్య కళాశాలలో చదువుకుని, ప్రస్తుతం ఇక్కడ చిన్న జంతువుల వైద్యంలో ఉన్నాను. భీముణ్ణి చూడలేదు కనుక మీ సర్జన్ గారి మాటే చివరి మాటగా తీసుకోండి. పైన ఇద్దరు మిత్రులూ చెప్పినదానిలో సగం సగం నిజం ఉంది. రెండు సగాలూ కలవాలంటే ఈ ఆపరేషన్ అసలు ఏం చేస్తుందో తెలియాలి.

స్వరపేటిక ద్వారానికి ఇరుపక్కలా రెండు మృదులాస్థులు తలుపు రెక్కల్లా ఉంటాయి. ఊపిరి పీల్చేటప్పుడు అవి విచ్చుకోవాలి, మింగేటప్పుడు మూసుకోవాలి. వాటిని కదిలించే నరం చచ్చుబడితే అవి విచ్చుకోక గాలి ఆడదు. టై బ్యాక్‌లో ఒక రెక్కను గట్టి దారంతో పక్కకు లాగి శాశ్వతంగా తెరిచి ఉంచుతారు. అందువల్ల ఊపిరి ఆడక పోయే ప్రమాదం బాగా తగ్గుతుంది గాని, తెరిచి ఉంచిన ఆ పక్క మింగేటప్పుడు కూడా మూసుకోదు కాబట్టి నీరో, మెతుకో, వాంతో ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా తెచ్చే ప్రమాదం కొత్తగా చేరుతుంది. ఇది గాయం మానడంతో తీరిపోయేది కాదు, జీవితాంతం ఉండేది. పైగా పెద్ద వయసు లాబ్రడార్లలో ఈ జబ్బు గొంతుకే పరిమితం కాదు. మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయం పరిశోధకులు దీన్ని ముసలితనంలో మొదలై అన్నవాహికనూ వెనక కాళ్లనూ కూడా క్రమంగా బలహీనపరిచే నరాల వ్యాధిగా వివరించారు. కాబట్టి మీరు ఆపరేషన్ అయిన గొంతును మాత్రమే కాదు, నెమ్మదిగా సన్నగిల్లుతున్న శరీరాన్ని మొత్తంగా వెంట తీసుకుని వెళుతున్నారు.

చాలామంది సర్జన్లు నాలుగు నుంచి ఆరు వారాల పాటు పరుగు, మొరుగుడు, గంతులు వద్దంటారు. మీరు చెప్పిన తేదీకి ఆ గడువు దాటుతుంది. బయలుదేరే ముందు ఒకసారి ఛాతీ ఎక్స్‌రే తీయించి, దాని ప్రతిని, ఆపరేషన్ నివేదికను, రేబిస్ టీకా ధ్రువపత్రాన్ని ఫోనులో పెట్టుకోండి. దారిలో దగ్గు వస్తే కొత్త డాక్టరుకు పాత ఎక్స్‌రేతో పోల్చి చూడటం ఎంతో ఉపయోగపడుతుంది. మెడ పట్టీ జీవితాంతం వద్దు, ఛాతీ చుట్టూ వచ్చే హార్నెస్ మాత్రమే వాడండి. చెరువుల్లో, నదుల్లో ఈత ఇక ఎప్పటికీ వద్దు. లాబ్రడార్‌కు ఇది పెద్ద శిక్షే గాని, తప్పదు.

నల్లరేగడి

వైద్యం సంగతి నాకు తెలియదు. విద్యుత్తు సంగతి చెబుతాను, ఎందుకంటే కుక్క ఒగరుస్తూనే ఒళ్లు చల్లబరచుకుంటుందని, గొంతు దెబ్బతిన్న కుక్కకు ఆ శక్తే తక్కువని డాక్టరు గారి మాటలను బట్టి అర్థమవుతోంది. అంటే మీ బండిలో ఏసీ సౌఖ్యం కోసం కాదు, భీముడి వైద్యంలో భాగం.

మీ 30 ఆంపియర్ల కనెక్షన్ 120 వోల్టుల దగ్గర ఇచ్చేది 3,600 వాట్లు. ఏసీ ఒక్కటే పదమూడు నుంచి పదిహేను ఆంపియర్లు తీసుకుంటుంది. అది నడుస్తుండగా మైక్రోవేవ్, నీళ్ల హీటరు కలిసి పడితే బ్రేకరు పడిపోతుంది. మీరు బయట కూర్చుని కబుర్లలో ఉంటే లోపల ఏసీ ఆగిన సంగతి తెలియకపోవచ్చు. నీళ్ల హీటరును గ్యాసు మీదకు మార్చేయండి. ఎండాకాలం మధ్యాహ్నాల్లో క్యాంప్‌గ్రౌండు నిండా ఏసీలు నడిచినప్పుడు వోల్టేజి పడిపోతుంది. వోల్టేజి రక్షణ పరికరం పెట్టుకున్నవారికి తెలిసే ఉంటుంది, అది సుమారు 104 వోల్టుల కిందకు వస్తే సరఫరానే కోసేస్తుంది. పరికరం చేసింది సరైన పనే గాని, లోపల కుక్క ఉంటే ఫలితం ఒకటే. అందుకని సెల్ నెట్‌వర్కుతో సొంతంగా పనిచేసి ఫోనుకు హెచ్చరిక పంపే ఉష్ణోగ్రత పరికరం కొనండి. క్యాంప్‌గ్రౌండు వైఫై మీద ఆధారపడేది వద్దు, కరెంటు పోయినప్పుడు వైఫై కూడా దానితోనే పోతుంది.

బండి నడుస్తున్నప్పుడు డ్రైవరు ముందున్న ఏసీ వెనక గది దాకా చల్లదనం పంపలేదు. జనరేటరు వేసి కప్పు మీది ఏసీ నడుపుతూనే వెళ్లాలి. చాలా క్లాస్ సీ బండ్లలో జనరేటరు పెట్రోలు ట్యాంకు నుంచే తాగుతుంది, ట్యాంకు పావు వంతుకు దిగగానే ఆగిపోతుంది. మిమ్మల్ని నడిరోడ్డున నిలబెట్టకుండా ఉండటానికే ఆ ఏర్పాటు, కానీ మీరు సగం ట్యాంకు దగ్గరే పెట్రోలు బంకు వెతుక్కోవాలి. ఎత్తుకు పోయేకొద్దీ జనరేటరు శక్తి కూడా తగ్గుతుంది, వెయ్యి అడుగులకు సుమారు మూడున్నర శాతం. ఎస్టెస్ పార్కు ఎత్తులో మీ 4,000 వాట్లు మూడు వేల దగ్గరికి వస్తాయి. ఏసీ మొదలయ్యేటప్పుడు లాగే కరెంటును అది తట్టుకోకపోవచ్చు కాబట్టి ఏసీ మెల్లగా మొదలయ్యేలా చేసే సాఫ్ట్ స్టార్టరు బిగించుకోవడం మంచిది.

భీముడు ఎక్కడ పడుకుంటాడన్నది కూడా చూడండి. ముందు సీట్ల మధ్య ఉండే ఇంజను కప్పు పక్కన నేల వేడెక్కుతుంది. యజమానుల దగ్గరగా ఉండాలని కుక్కలు సరిగ్గా అక్కడికే చేరతాయి. బయలుదేరిన గంటకు ఆ నేల మీద చెయ్యి పెట్టి చూస్తే తెలుస్తుంది. వెనక సోఫా పాదానికి బెల్టుతో కట్టిన హార్నెస్ ఉంటే అటు రాలేడు, గట్టిగా బ్రేకు వేసినా ముందుకు విసిరిపడడు.

వేపచెట్టు

డాక్టరు గారికి, నల్లరేగడి గారికి కృతజ్ఞతలు. ఇంజను కప్పు పక్కన పడుకోవడం మీరు చూసినట్టే చెప్పారు, భీముడి ఇష్టమైన చోటు అదే. ఇప్పుడు భోజనం సంగతి అడగాలి. మా అమ్మ వచ్చిన దగ్గరనుంచి వాడికి పెరుగన్నం పెట్టాలని తహతహలాడుతోంది, ఇడ్లీ తుంపి పెడితే ఏమవుతుందని కూడా అడుగుతోంది. ఆమెకు కారణం చెప్పి ఒప్పించాలి తప్ప కాదనడం నా వల్ల కాదు. పైగా బండిలో ప్రయాణిస్తున్నప్పుడు వాడికి కొంచెం వికారం చేస్తుంది.

తిరుపతి పాత విద్యార్థిని

మీ అమ్మగారి చేతికి పని తప్పించనక్కరలేదండీ, దాన్ని సరైన దారిలో పెడితే చాలు. ఈ కుక్కలకు పొడి, రవ్వ, విడి మెతుకులు ప్రమాదం, ఎందుకంటే అవి నోట్లో చెదిరి తెరిచి ఉన్న పక్కకు జారతాయి. పొడి గుళికల మేత, తుంపిన ఇడ్లీ, పలుచని పెరుగన్నం మూడూ ఈ లెక్కన ఒకటే. డబ్బాలో దొరికే మెత్తని ఆహారాన్ని జిగురుగా పిసికి ఉసిరికాయంత ముద్దలు చేసి, మీ అమ్మగారు పసిపిల్లలకు గోరుముద్దలు పెట్టినట్టు ఒక్కొక్కటే అందించవచ్చు. ఒకటి మింగి, నాలుకతో మూతి తుడుచుకున్న తరువాతే రెండోది. గిన్నె ఎత్తులో ఉండాలా నేల మీద ఉండాలా అనే విషయంలో సర్జన్లలో ఏకాభిప్రాయం లేదు, మీ సర్జన్ చెప్పినట్టు చేయండి. నీళ్లు ఒకేసారి నిండు గిన్నె పెట్టకుండా కొద్దికొద్దిగా, ఒగర్పు పూర్తిగా తగ్గాకే పెట్టండి. ఒగరుస్తూ తాగినప్పుడే పొరబోతుంది. ఉల్లిపాయ, వెల్లుల్లి కుక్కలకు విషం, కనుక సాంబారు అన్నం మాట ఎత్తవద్దని ఆమెకు నా తరఫున మనవి చేయండి.

భోజనం చేసిన వెంటనే బండి కదిలించకండి. రెండు మూడు గంటలైనా వ్యవధి ఇవ్వండి. వికారం చేసే కుక్కకు ఈ ఆపరేషన్ తరువాత వాంతి మామూలు విషయం కాదు, ఒక్క వాంతి చాలు న్యుమోనియాకు. వాంతులను ఆపే మారోపిటెంట్ మాత్ర గురించి మీ డాక్టరును అడగండి. తెల్లవారుజామున ఖాళీ కడుపుతో బయలుదేరి, పగటి మజిలీ చేరాక పెద్ద భోజనం పెట్టడం అన్నిటికన్నా మేలు. ఎండ సమస్య కూడా దాంతోనే సగం తీరుతుంది.

గమనించవలసినవి చెబుతాను. నిద్రలో ఉన్నప్పుడు నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నాడో రోజూ లెక్కపెట్టండి, ముప్పై దాటకూడదు. కుక్క ఒంటి వేడి సాధారణంగా 100 నుంచి 102.5 ఫారన్‌హీట్ మధ్య ఉంటుంది. తడి దగ్గు, మందకొడితనం, ముద్ద వద్దనడం, జ్వరం కలిసి కనిపిస్తే మరునాటి దాకా ఆగకండి. ఎండదెబ్బ తగిలి ఊపిరి గొరగొరలాడితే ముందు చల్లబరచండి, తరువాతే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఒళ్లంతా చల్లని నీళ్లతో తడిపి గాలి తగలనివ్వండి. మూతి మీద మాత్రం పోయకండి. తడి తువ్వాలు చుట్టి వదిలేస్తే అది వేడిని లోపలే పట్టి ఉంచుతుంది. చిగుళ్లు నీలంగానో బూడిదరంగుగానో మారితే అది అత్యవసరం.

మైలురాయి

డాక్టరు గారి మాటను గౌరవిస్తూనే ఒక మాట అంటాను. ఇన్ని జాగ్రత్తలు చదివితే ఎవరికైనా ఇల్లు కదలబుద్ధి కాదు. మా కుక్కను ఎస్టెస్ పార్కు పక్కనే ఉన్న రాకీ మౌంటెన్ నేషనల్ పార్కులోని ట్రెయిల్ రిడ్జ్ రోడ్డు మీద పైదాకా తీసుకెళ్లాము, దానికి ఏమీ కాలేదు.

తిరుపతి పాత విద్యార్థిని

మీ కుక్కకు ఏమీ కానందుకు సంతోషం. ఆ రోడ్డు అత్యున్నత స్థానం 12,183 అడుగులు. అక్కడ ఒక్కో శ్వాసలో అందే ప్రాణవాయువు సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండొంతుల కన్నా తక్కువ. ఎస్టెస్ పార్కు 7,522 అడుగుల దగ్గర అది సుమారు నాలుగింట మూడొంతులు. ఆరోగ్యంగా ఉన్న కుక్క ఊపిరి వేగం పెంచి ఆ లోటు తీర్చుకుంటుంది. ఒకవైపు మాత్రమే తెరుచుకున్న గొంతుతో, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరే ప్రమాదం ఉన్న పన్నెండేళ్ల కుక్కకు ఆ వెసులుబాటు తక్కువ. ఫ్రిస్కో నుంచి అమరిల్లో 3,600 అడుగులకు, అక్కడ ఒక రాత్రి ఆగి డెన్వర్ పరిసరాల 5,000 అడుగులకు ఎక్కడం నాకు అభ్యంతరం కాదు. ఆ పైన ఎందుకు ఎక్కించాలో మాత్రం నాకు కారణం కనిపించడం లేదు, ఆ కొండల అందం భీముడు అడిగింది కాదు కదా.

చెరువుగట్టు

డాక్టరు గారి ఆఖరి వాక్యానికి నా పూర్తి మద్దతు. దానికి తోడు ఇంకో సంగతి. రాకీ మౌంటెన్ నేషనల్ పార్కులో కుక్కలను ఏ కాలిబాట మీదకూ రానివ్వరు. రోడ్డు అంచున, పార్కింగులో, క్యాంప్‌గ్రౌండులో ఆరడుగులకు మించని తాడుతో ఉంచుకోవాలి. పార్కు లోపలి క్యాంప్‌గ్రౌండ్లలో జనరేటరు నడిపే వేళలు కూడా పరిమితం. అంటే అంత దూరం తీసుకెళ్లినా భీముడు చూసేది పార్కింగ్ స్థలమే. చుట్టుపక్కల వాళ్లు రాత్రి చలిమంటలు వేస్తే ఆ పొగ గొంతుకు మంచిది కాదు, కార్చిచ్చుల కాలం కూడా అదే.

మొదట వద్దన్నాను గాని, పై చర్చ చదివాక నా అభిప్రాయం కొంత మారింది. తెల్లవారుజామున బయలుదేరి మధ్యాహ్నానికల్లా కరెంటు ఉన్న చోటికి చేరేలా మజిలీలు పెట్టుకుంటే ఎండ భయం చాలావరకు తగ్గుతుంది. అయితే చూడదగ్గ ప్రదేశాలను బట్టి కాకుండా, రాత్రి కూడా తెరిచి ఉండే పశువైద్యశాల ఏ మజిలీకి ఎంత దూరమో లెక్కగట్టి దారి గీసుకోండి. అమరిల్లోలో 2021లో మొదలైన టెక్సస్ టెక్ పశువైద్య విద్యాలయం ఉంది కదా అని ధీమా పడకండి. దానికి సొంత బోధనాసుపత్రి లేదు, విద్యార్థులు బయటి క్లినిక్కులలోనే శిక్షణ పొందుతారు. అక్కడి అత్యవసర క్లినిక్ ఏదో, దాని వేళలేమిటో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. ఫోర్ట్ కాలిన్స్‌లో మాత్రం కొలరాడో స్టేట్ విశ్వవిద్యాలయం పశువైద్య ఆసుపత్రి ఉంది.

బోనాలపల్లి

హైదరాబాదు నుంచి చదువుతున్నాను. మా పగ్ కుక్కకు నోటి వెనక భాగంలో ఉండే మెత్తని అంగిటిని కత్తిరించే ఆపరేషన్ ఇటీవలే అయింది, కారులో అరకు వెళ్లాలనుకుంటున్నాము. ఇక్కడ కరెంటు ఇచ్చే క్యాంప్‌గ్రౌండ్లు దాదాపు లేవు. మీరు చెప్పినవి పగ్‌కు కూడా వర్తిస్తాయా?

తిరుపతి పాత విద్యార్థిని

ఎండ, మెడ పట్టీ, ముద్ద భోజనం, ఖాళీ కడుపు ప్రయాణం, ఇవన్నీ వర్తిస్తాయి. టై బ్యాక్‌లోలాగా ద్వారాన్ని శాశ్వతంగా తెరిచి ఉంచరు కనుక న్యుమోనియా భయం అంత ఉండదు గాని, మొదటి రోజుల్లో గొంతు వాచి ఊపిరి బిగుసుకునే ప్రమాదం ఎక్కువ. మీ డాక్టరు వాపు పూర్తిగా తగ్గిందని చెప్పేదాకా అరకు ఆగుతుంది. డ్రైవరు టీ తాగడానికి దిగినప్పుడు కూడా కుక్కను కారులో ఒంటరిగా వదలకండి.

నల్లరేగడి

రెండు చిన్న విషయాలు మరిచాను. మోటర్‌హోమ్ మెట్లు నిటారుగా ఉంటాయి, వెనక కాళ్లు సన్నగిల్లిన కుక్క వాటి మీద జారుతుంది. మడత పెట్టే ర్యాంపు కొనేటప్పుడు పొడవైనదే తీసుకోండి, పొట్టిదైతే వాలు ఎక్కువై కుక్క ఎక్కడానికి ఒప్పుకోదు. లోపలి వినైల్ నేల మీద యోగా చాపలు పరిచి అంచులు టేపుతో అంటించండి. రెండోది, రాత్రి గాలి ఆడకుండా ఉన్నప్పుడు జనరేటరు పొగ కిటికీల గుండా లోపలికి రావచ్చు, కార్బన్ మోనాక్సైడ్ అలారం పనిచేస్తోందో లేదో బయలుదేరే ముందే నొక్కి చూసుకోండి.

వేపచెట్టు

ఇంట్లో అందరం కూర్చుని మాట్లాడుకున్నాము. ప్రయాణాన్ని సెప్టెంబరు చివరి వారానికి జరిపాము, సర్జన్ గారు దానికి సరేనన్నారు, ఛాతీ ఎక్స్‌రేకు సమయం ఇచ్చారు. ఎస్టెస్ పార్కు బదులు ఫోర్ట్ కాలిన్స్ ఊరి అంచున, చివరి వరుసలో, ఒకవైపు పొరుగు లేని స్థలం తీసుకున్నాము. అక్కడ మోటర్‌హోమ్ కదలదు. చిన్న కారులో అమ్మానాన్నలను నేను ఒకరోజు, మా వారు ఒకరోజు కొండ మీదకు తీసుకెళతాము, రెండోవారు భీముడి దగ్గర ఉంటారు. పార్కులోకి ఇటీవలి సంవత్సరాల్లో అక్టోబరు మధ్య వరకు ఫలానా వేళకే లోపలికి రానిచ్చే ప్రవేశ అనుమతి ముందుగా తీసుకోవలసి వస్తోంది కనుక దానికీ ఆన్‌లైన్‌లో ప్రయత్నిస్తున్నాము. అమ్మ ముద్దలు చేయడంలో ఆరితేరింది, ఇప్పుడు వాడు మా చేతి ముద్ద తినడం లేదు.

ఒక సందేహం మిగిలింది. మారోపిటెంట్ మాత్ర రాసిచ్చారు. ఉదయం నాలుగింటికి బయలుదేరితే మాత్ర ఎప్పుడు వేయాలి? వెన్నలో చుట్టి వేస్తే సులువుగా మింగుతాడు, అలా వేయవచ్చా?

తిరుపతి పాత విద్యార్థిని

బయలుదేరడానికి కనీసం రెండు గంటల ముందు వేయాలి, అంటే రెండింటికి లేవక తప్పదు. వెన్నలో, చీజులో గట్టిగా చుట్టకండి, కొవ్వు పదార్థంలో చుడితే మాత్ర కరగడం ఆలస్యమవుతుంది. రోజూ తినే మెత్తని ఆహారంలోనే ఒక చిన్న ముద్ద చేసి, అందులో పెట్టి ఇవ్వండి. ఆ ముద్ద మీ అమ్మగారి చేతే ఇప్పించండి, మింగాడో బుగ్గన దాచుకున్నాడో ఆమెకే తెలుస్తుంది. ఆ తరువాత అమరిల్లో చేరేదాకా ఇంకేమీ పెట్టవద్దు. దారిలో ఆగినప్పుడల్లా, ఒగర్పు లేదని చూసుకుని, నాలుగు గుక్కల నీళ్లు చాలు.